అరగంట పనికి ఒక రోజు లెక్క

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో నేను చేసే ఉద్యోగం, ఒక సోఫాల షాపుతో సహా నాలుగైదు వ్యాపారాలకి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు నడపడం. పోస్టులదేముంది, ముందే రాసి షెడ్యూల్ చేసేయొచ్చు. టెన్షన్ అంతా కామెంట్లతోనే. సోఫా ఇంకా రాలేదని శనివారం రాత్రి ఒకావిడ మండిపడితే, సోమవారం చూద్దాంలే అనుకోవడానికి లేదు. ఈలోపు ఆ కామెంటు కింద ఇంకో పదిమంది పోగవుతారు. "ఫోన్‌లో పనేగా, పాపని చూసుకుంటూ చేసుకోవచ్చు" అని మావాళ్ళందరూ తేల్చేశారు. పాప పుట్టాక తలనొప్పి తెచ్చింది ఆ ఫోనే. అర్ధరాత్రి పాలిస్తూ నిద్ర ఆపుకోవడానికి అదే, ఆఫీసు మెసేజీలు వచ్చేదీ అందులోనే.

ఇక్కడ ఉద్యోగం చేసే తల్లికి 52 వారాల ప్రసూతి సెలవు ఉంది. ఆ సెలవుకి ఇచ్చే డబ్బు, అంటే మెటర్నిటీ పే, మాత్రం 39 వారాలకే. మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం, ఆ తర్వాత 2025-26 లెక్కన వారానికి గరిష్ఠంగా 187.18 పౌండ్లు. ఇక్కడి ఇంటద్దెల ముందు అది ఏ మూలకి? డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళకి కూడా ఇస్తారా అని చాలామందికి అనుమానం. ఇస్తారు. అది పబ్లిక్ ఫండ్స్, అంటే మాలాంటి వీసాలవాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం, కింద లెక్క కాదు. పిల్లల ఖర్చులకి ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ అలా కాదు, దాని జోలికి మేము వెళ్ళకూడదు.

సెలవులో ఉండగా పది రోజుల వరకు పని చేయొచ్చు. వాటిని కీపింగ్ ఇన్ టచ్ రోజులంటారు. కంపెనీ, మనం ఇద్దరం ఒప్పుకుంటేనే. ఇందులో ఒక కిటుకుంది. అరగంట చేసినా పూర్తి రోజు ఖర్చయినట్టే. పది దాటితే, పని చేసిన ఆ వారం మెటర్నిటీ పే పోతుంది. మా పని రోజుల లెక్కన రాదు, చిల్లరగా వస్తుంది. "ఈ ఒక్క రిప్లై చూడవా, ఆ కస్టమర్ సంగతి నీకు తెలుసుగా" అని మెసేజ్. మా మేనేజర్ మంచిదే, పాపకి గౌను కూడా పంపింది. కాబట్టే కాదనడానికి మొహమాటం. "చూస్తాను, కానీ దీన్ని ఒక రోజు కింద రాసుకోండి" అని నెమ్మదిగా జవాబిచ్చాను. అంతే, ఆ చిల్లర మెసేజీలు ఆగిపోయాయి. నవంబరు చివర్లో వచ్చే బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్ల ప్లానింగ్‌కి మాత్రం ఒక రోజంతా పిలిచి, ఆ రోజుకి పూర్తి జీతం ఇచ్చారు.

తెనాలి నుంచి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. పాపకి తలంటి సాంబ్రాణి వేసిన మొదటిరోజే స్మోక్ అలారం గోల పెట్టింది. అమ్మ ఒక చేత్తో పాపని పొదివి పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు ఊపుతూ ఆ అలారాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తర్వాతి వంతు నాది. "బాలింతవి, ఆ ఫోన్ వెలుగులో కళ్ళు పోగొట్టుకుంటావే. ఎవరి సోఫా ఎప్పుడొస్తే నీకెందుకు?" కళ్ళ సంగతేమో గానీ, ఆఫీసు యాప్‌లన్నీ ఫోన్లోంచి తీసేసి లాప్‌టాప్‌లోనే ఉంచాను. చంకలో పిల్ల ఉండగా లాప్‌టాప్ తెరవడం ఎవరివల్లా కాదు. రాత్రి రెండింటికి ఇక వచ్చేవి అత్తయ్యల మెసేజీలే. ఇక్కడి ఎండాకాలంలో, ఇండియాలో అప్పటికి ఉదయం ఆరున్నర. "లేచే ఉన్నావుగా, పాప ఫోటో పెట్టు" అంటారు.

ఇంగ్లండ్‌లో 2025 సెప్టెంబరు నుంచి, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకి తొమ్మిది నెలల పిల్లల నుంచే వారానికి 30 గంటల నర్సరీ ఫీజు ప్రభుత్వం భరిస్తోంది. మా ఇద్దరి వీసాల మీదా పబ్లిక్ ఫండ్స్ లేవని రాసుంది కనక అది మాకు రాదు, ఫీజంతా మేమే కట్టుకోవాలి. కట్టి చూస్తే నా జీతంలో మిగిలేది తక్కువే. అందుకే పని వేళలు మార్చమని అర్జీ పెట్టాను. 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటిరోజే అలా అడిగే హక్కుంది, కంపెనీ రెండు నెలల్లో ఏదో ఒకటి తేల్చాలి. నేను అడిగినవి రెండు: పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం, శనాదివారాల కామెంట్లు వేరొకరికి ఇవ్వడం. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది సగమే ఒప్పుకున్నారు, వారం విడిచి వారం నాకే. ఆ శనివారాలు పాప డ్యూటీ మావారిది. ఆయన పెడితే పప్పన్నం ఉమ్మేస్తోంది, అరటిపండుతో సరిపెడుతున్నారు.