లూపిన్ పూల మధ్యలో మటగౌరి

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌కి వెళ్తే నవంబర్ ఆఖర్లోనో డిసెంబర్లోనో వెళ్లండి, లూపిన్స్ చూడొచ్చు అని ఎవర్నడిగినా చెప్తారు, మేమూ అందుకే అప్పుడు వెళ్లాం. బాగుంటాయి, అబద్ధమెందుకు. లిండిస్ పాస్ అనే కనుమ దాకా కొండలన్నీ ఎండిన రంగులో టస్సక్ గడ్డే, కిందికి దిగి ఒమరామా ఊరు దాటాక అహురిరి నది బ్రిడ్జి వస్తుంది, అక్కడ ఊదా, గులాబీ, తెలుపు, కళ్లు చెదిరిపోతాయి. కార్లన్నీ అక్కడే ఆగి ఉన్నాయి, మేమూ ఆపేసి ఫోటోల మీద పడ్డాం.

తర్వాత నదిలోకి దిగి నడిచాం. ఈ నదులు జడ అల్లినట్టు పాయలు పాయలుగా విడిపోయి మళ్ళీ కలుస్తూ పారతాయి, మధ్యలో గులకరాళ్ల దిబ్బలు. వరదొచ్చినప్పుడల్లా దిబ్బలు కొట్టుకుపోయి కొత్తవి పడతాయి. అసలు ఇక్కడి మొక్కలన్నీ ఆ ఖాళీ రాళ్లకి అలవాటు పడ్డవే. గట్టు వైపు మటగౌరి పొదలు కనిపించాయి, బూడిద రంగు కొమ్మలు, వేలెడంత ముళ్ళు, ఆకులు ఉన్నాయా అంటే ఉన్నాయంతే. చూడగానే రేగు ముళ్ళే గుర్తొచ్చాయి, నిజంగానే రెండూ ఒకే కుటుంబం!

మటగౌరి గొప్పతనం ఏంటంటే సారం లేని రాళ్లలో కూడా వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో గాల్లోని నైట్రోజన్ పట్టుకుని బతికేస్తుంది. లూపిన్ కూడా సరిగ్గా అదే పని చేస్తుంది, కాకపోతే చాలా స్పీడుగా. నడుం ఎత్తు పెరిగి వెడల్పాకులతో నేలంతా కప్పేస్తే కింద మటగౌరి మొలకకి ఎండెక్కడిది? పైగా ఆకులు కుళ్లి నేల సారవంతమైతే బయటి గడ్డి కూడా దిగుతుంది. పెద్ద పొదలు నిలబడే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే ఉంటుంది, పిల్ల మొక్కలు ఉన్నాయా అని వెతికితేగానీ తెలీదు. మేం నడిచిన లూపిన్ గుబుర్లలో నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

లూపిన్ కాయలు ఎండితే ఫట్‌మని పగిలి గింజలు దూరంగా పడతాయి, మిగతాది నది చూసుకుంటుంది, ఒక్క మొక్క చాలు దిగువంతా పాకడానికి. వేళ్లు దిబ్బల్ని కట్టేస్తే పాయలు తిరగడం మానేసి లోతుగా కోసుకుంటాయి, అంటే కొత్త ఖాళీ రాళ్లే పడవు. రాళ్ల మీద గుడ్లు పెట్టే కాకీ (మన కాకి కాదండోయ్, నల్లటి పొడుగు కాళ్ల పక్షి) కూడా ఇబ్బంది పడుతోంది, గుబుర్లలో పిల్లులు, స్టోట్లు (ముంగిస లాంటి వేటజంతువులు) నక్కి ఉంటాయి కదా.

ఈ పూలు ఇక్కడివి కానే కావు. మూలం ఉత్తర అమెరికా, ఇంగ్లండ్‌లో జార్జ్ రస్సెల్ అనే తోటమాలి రంగురంగులుగా తయారుచేసి 1937లో జనానికి చూపించాడు, తర్వాత ఇక్కడ అందం కోసం రోడ్ల పక్కన చల్లారు. ఇప్పుడేమో ఒకవైపు వాలంటీర్లు పీకుతుంటే ఇంకోవైపు మెరినో గొర్రెలకి మంచి మేత అని కొందరు రైతులు వేస్తున్నారు. పొలంలో కంచె లోపల గొర్రెలు మేసేస్తే ఏమోగానీ, వాగు పక్కన మాత్రం వేయకూడదని నా ఉద్దేశం. మీరు వెళ్తే ఫోటోలు తీసుకోండి, గింజలు మాత్రం జేబులో వేసుకోకండి, బూట్ల మట్టి కూడా దులిపి ఇంకో నదిలో దిగండి.