పింఛను, వారం కూలి, ఏడు అప్పులు: మా ఇంటి లెక్క కుదిరిన తీరు (నా అనుభవం)

మా ఇంటికి డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటో తారీఖున అత్తయ్యకు ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను 4,000. శనివారం శనివారం మా ఆయన తాపీ పని కూలి. కుట్టు మిషన్ మీద నాకొచ్చే మూడు వేలు. ఏడాదికోసారి పిల్లలిద్దరి పేరున తల్లికి వందనం. పోయే దారులు ఏడు: బంగారం తాకట్టు, ప్రోనోటు, మైక్రోఫైనాన్స్, డ్వాక్రా, రోజువారీ ఫైనాన్స్, కిరాణా కొట్టు ఖాతా, చేబదుళ్లు. ఇంత తక్కువ రాబడిలో అసలు తిప్పలు మొత్తం దగ్గర రావు. డబ్బు ఏ తారీఖున వస్తుంది, ఏ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ఎవరు ముందు లాక్కుంటారు అన్న దగ్గరే వస్తాయి.

ముందు రాబడి సంగతి. మంచి నెలలో కూలి 14,000 దాకా వస్తుంది, వానాకాలంలో, ఇసుక దొరకని నెలల్లో 8,000 దాటదు. చాలామంది ఈ రెండిటికీ సరాసరి కట్టి ఖర్చు రాసుకుంటారు. అది పనికిరాదు, ఎందుకంటే అప్పు పుట్టేది సరాసరి నెలలో కాదుగా, చెడ్డ నెలలో. అందుకని లెక్క చెడ్డ నెల మీదే కట్టాలి: 8,000, 4,000, 3,000 కలిపి 15,000. ఖర్చు: అద్దె 3,000, సరుకులు 3,500, కూరలు 1,500, పాలు 900, మందులు 600, కరెంటు 500, ఫోన్లు 500, బడి చిల్లర 500. మొత్తం 11,000. అప్పులకు మిగిలేది 4,000. మంచి నెలలో పైన వచ్చే ఆరు వేలను రాబడిగా చూడకూడదు. అందులో సగం వచ్చే వానాకాలానిది, సగం అసలు తీర్చడానికి.

తారీఖుల సంగతి చెప్పాలంటే, పింఛను చేతికిచ్చే డబ్బు. సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు, ఏ బ్యాంకూ మధ్యలో పట్టుకునే వీలు లేదు. అందుకే దాన్ని ఆ రోజే అద్దెకీ మందులకీ వేరు చేసేస్తాం. ఆ నెల ముసలివాళ్లు ఊళ్లో లేకపోయినా కంగారు పడక్కర్లేదు, రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో కలిపి ఇస్తారు. వారం కూలిలో కూరలు, పాలు, కిస్తీలు. రేషన్ డిపోలు ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా తీస్తారు. మనిషికి ఐదు కిలోల చొప్పున మా ఐదుగురికి 25 కిలోలు ఉచితం. ఈ బియ్యాన్ని కిలో పదికో పన్నెండుకో అమ్మేసి, కొట్లో యాభై పెట్టి కొనే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అమ్మడం నేరం, అది పక్కన పెట్టినా కిలోకి నలభై రూపాయల నష్టం. పాతిక కిలోలకు వెయ్యి. పాత బియ్యంతో సగం సగం కలిపి వండితే పిల్లలు వంక పెట్టరు.

దీపం సిలిండర్ ఉచితమే అయినా ముందు పూర్తి ధర మనమే కట్టాలి, డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. అందుకే ఒక సిలిండర్ ధర ఎప్పుడూ కదపకుండా ఉంచుకోవాలి. అది లేక చేబదులు తెచ్చి బుక్ చేసేవాళ్లున్నారు. నాలుగు నెలలకొకటి లెక్క గనుక ఆ గడువులోనే బుక్ చేయాలి.

ఇప్పుడు అప్పులు. వాటిని పోల్చాలంటే అన్నిటినీ ఒకే కొలతలోకి, అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలన్న లెక్కలోకి మార్చాలి. బ్యాంకు వాళ్లు ఏడాదికి 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. 12 శాతం రూపాయి, 24 శాతం రెండు రూపాయలు. మా ప్రోనోటు 40,000 మూడు రూపాయలకు, నెలకు 1,200 వడ్డీ. బంగారం 60,000 ప్రైవేటు కంపెనీలో రూపాయిన్నరకు, 900. మైక్రోఫైనాన్స్ 50,000, రెండు రూపాయలకు, 24 నెలలు, కిస్తీ 2,643. పైగా ప్రాసెసింగ్, ఇన్సూరెన్స్ కోసుకుని చేతికి యాభై వేల కంటే తక్కువే ఇస్తారు, కాబట్టి నిజమైన వడ్డీ రెండు రూపాయల పైనే. డ్వాక్రా కిస్తీ 1,500.

రోజువారీ ఫైనాన్స్‌ని, తెలంగాణ వైపు గిరిగిరి అంటారు, మనవాళ్లు అప్పుగానే లెక్కపెట్టరు. 'వందే కదా' అంటారు. పదివేలకు సంతకం పెట్టించుకుని 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేను వందలే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గిపోతూ ఉంటుంది, మూడు నెలల చిల్లరలో తీరిపోతుంది. సరిగ్గా కట్టి చూస్తే నూటికి నెలకు పది రూపాయలు.

ఇంకా పెద్ద దెబ్బ తిరగేయడంలో ఉంది. అరవై రోజులయ్యాక వసూలుకొచ్చే అబ్బాయి 'అక్కా, మళ్లీ పదివేలు రాసేదా' అంటాడు. పాతది ఇంకా నాలుగు వేలుంది, అది పట్టుకుంటాడు. కొత్తదానికి పదిహేను వందలు ముందే కోస్తాడు. చేతికొచ్చేది 4,500. కట్టాల్సింది మళ్లీ వంద రోజులు వంద. మిగిలిన నలభై రోజుల వడ్డీ పాత అప్పులో ఒకసారి ఇచ్చేశాం, కొత్త అప్పులో రెండోసారి ఇస్తున్నాం. ఇక్కడ ఇంకో మెలిక: వడ్డీ ముందే కోసేశారు కాబట్టి మధ్యలో కట్టేసినా ఒక్క రూపాయీ తగ్గించరు. కాబట్టి వేరేచోట అప్పు చేసి దీన్ని ముందుగా మూసేయడం దండగ. దాని మానాన దాన్ని వందో రోజు దాకా నడిపించి, తిరగేయకుండా వదిలేయాలి. ఆ మధ్యలో చెయ్యి ఆడకపోతే డ్వాక్రా సంఘం పొదుపులోంచి రూపాయి వడ్డీకి అంతర్గత అప్పు అడగొచ్చు. పదివేలకు నెలకు వంద. వీఓఏతో, అంటే గ్రామ సంఘం సహాయకురాలితో, మీటింగుకు ముందే మాట్లాడుకుని, తీర్మానం పుస్తకంలో రాయించుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఈ రోజువారీ వదలాలని ఎందుకంటున్నానంటే, రోజు వంద అంటే నెలకు మూడు వేలు. అది, ప్రోనోటు వడ్డీ, మైక్రో, డ్వాక్రా కలిపితే 8,343, బంగారం వడ్డీ కాకుండానే. చెడ్డ నెలలో మా చేతిలో ఉన్నది 4,000. ఆ గుంటను పూడ్చడానికే జనం మళ్లీ రోజువారీకి వెళ్తారు. అది ఆగిపోతే కట్టాల్సింది 5,343కి దిగుతుంది. ఇంకా పదమూడు వందల చిల్లర లోటే గానీ, మంచి నెలల్లో పక్కన పెట్టింది దానికి సరిపోతుంది.

ప్రోనోటు దగ్గర చూసుకోవాల్సింది వడ్డీ అసలులో కలిసిపోవడం. ఏడాది వడ్డీ కట్టకపోతే నోటు తిరగరాయిస్తారు. 40,000కు 14,400 కలిపి 54,400 కొత్త అసలు. అక్కడి నుంచి నెల వడ్డీ 1,632. బారు వడ్డీ అన్నది ఆ క్షణాన చక్రవడ్డీ అయిపోతుంది. అందుకే ఏ నెలా వడ్డీ మాత్రం ఆపకూడదు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించాలి: తారీఖు, ఎంత, అసలుకా వడ్డీకా, సంతకం. 'మన మధ్య చెల్లేమిటమ్మా' అనేవాళ్లకు ఫోన్‌పేలో వేసి, ఎందుకు వేశామో అందులోనే రాయడం మేలు. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకూడదు. తీరిపోయాక నోటు చేతికి తెచ్చుకోవాలి. చించేశామని నోటిమాటగా చెబితే కుదరదు.

ఇక బంగారం. రూపాయిన్నర నుంచి బ్యాంకు ముప్పావలాకు మారిస్తే అరవై వేల మీద నెలకు 450 మిగులుతుంది. కానీ మార్చాలంటే ముందు అరవై వేలు కట్టి విడిపించాలి, అంత డబ్బు ఎక్కడిది? ఇక్కడ పనికొచ్చేది తాకట్టు పెట్టేటప్పుడే వస్తువులను వేర్వేరు రశీదులుగా పెట్టడం. గొలుసు ఒక రశీదు, గాజులు ఒకటి, దుద్దులు ఉంగరాలు కలిపి ఒకటి, ఒక్కొక్కటి ఇరవై వేలు. జూన్‌లో తల్లికి వందనం పిల్లకు 13,000 చొప్పున 26,000 పడింది. పుస్తకాలు, చెప్పులు, ఆటో అడ్వాన్సు, రశీదుల మీద ఎక్కిన వడ్డీ పోను ఇరవై వేలు చేతిలో ఉన్నాయి. దాంతో మొదటి రశీదు విడిపించి, అదే వస్తువు బ్యాంకులో పెడితే ఇరవై వేలు తిరిగొచ్చాయి. వాటితో రెండోది, మళ్లీ మూడోది. మూడు రశీదులూ బ్యాంకుకు మారాక ఇరవై వేలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. అవి తిన్నగా ప్రోనోటు అసలుకు పోయాయి, అక్కడ వడ్డీ 1,200 నుంచి 600 అయింది.

బ్యాంకుకు పొద్దున్నే వెళ్లాలి, బంగారం విలువ కట్టే అప్రైజర్ ఎప్పుడుంటాడో ముందే కనుక్కోవాలి. అప్రైజర్ ఫీజు వేరు. రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ కొత్త నియమం ఉంది గానీ, అంత నిండుగా తీసుకుంటే ధర తగ్గినప్పుడు వేలం నోటీసు మన గడప తొక్కుతుంది. ఒకేసారి కట్టే రకం బంగారు అప్పుకు గడువు పన్నెండు నెలలు. వడ్డీని మధ్యమధ్యలో కడుతూ పోతే ఆఖర్న భారం ఉండదు. పూర్తిగా కట్టేసిన ఏడు పనిదినాల్లో వస్తువులు ఇవ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం. ఈ మాట కౌంటర్ దగ్గర ఒక్కసారి అంటే చాలు, లాకర్ తాళాలు దొరుకుతాయి.

ఈ డబ్బు చేతిదాకా రావడానికి ముందే చేసిన పని ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. తల్లికి వందనం, గ్యాస్ డబ్బు లాంటివి ఆధార్‌తో మ్యాప్ అయిన ఒక్క ఖాతాలోనే పడతాయి. అదే ఖాతాకు మైక్రోఫైనాన్స్ నాచ్ మాండేట్ (కిస్తీని ఖాతాలోంచి నేరుగా కోసుకోమని మనం రాసిచ్చిన అనుమతి) ఉంటే, పడిన డబ్బును కిస్తీ ముందు లాక్కుంటుంది. పాత పంట రుణం బాకీ ఉన్న బ్యాంకైతే ఖాతాను హోల్డ్‌లో పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కిస్తీ రోజున ఖాతా ఖాళీగా ఉంటే రిటర్న్ చార్జీలు వందల్లో, జీఎస్టీతో కలిపి. ఒక్కోసారి బ్యాంకూ కోస్తుంది, అప్పిచ్చిన కంపెనీ కూడా కోస్తుంది. అందుకని రెండు ఖాతాలు ఉండాలి. పథకాల డబ్బుకు పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు ఖాతా, దానికి ఏ మాండేటూ ఇవ్వకూడదు. కిస్తీలకు వేరే ఖాతా, దాంట్లో కిస్తీకి ముందు రోజు సరిగ్గా ఆ సొమ్ము మాత్రమే వేయాలి. ఆధార్ ఏ బ్యాంకుకు మ్యాప్ అయి ఉందో మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. మార్చాలంటే కొత్త బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వాలి. పథకం డబ్బు విడుదలయ్యే వారంలో మార్చొద్దు, ముందే చేసుకోవాలి. మే నెలాఖరున 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా కోత ఉంటుంది. ఆ వారం మాత్రం బీమాకు రాసిచ్చిన ఖాతాలో 456 ఉంచాలి, లేకపోతే రెండు రెండు లక్షల రక్షణ ఆగిపోతుంది.

మైక్రోఫైనాన్స్ వాళ్లతో ఎలా ఉండాలో చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నియమాల ప్రకారం ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల రాబడిలో సగం దాటకూడదు. ఆ సగంలో ఇరికించడానికి ఫారంలో రాబడిని పెంచి రాసేస్తారు. సంతకానికి ముందు ఆ గడి చదవాలి. ముందుగా తీర్చేస్తే పెనాల్టీ లేదు. ఆలస్యమైతే జరిమానా ఆ బకాయి కిస్తీ మీదే, మొత్తం అప్పు మీద కాదు. వసూలు ముందుగా ఒప్పుకున్న చోటే. వరసగా రెండు సార్లు అక్కడికి వెళ్లకపోతేనే ఇంటికి రావచ్చు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు, చుట్టాలనూ పక్కింటివాళ్లనూ పీడించకూడదు. కట్టలేని నెల ఉంటే మీటింగుకు ముందే మేనేజరుకు చెప్పి, ఎంత కట్టగలమో అంత కట్టి రశీదు తీసుకోవాలి. మీటింగుకు పోకుండా దాక్కుంటే గ్రూపువాళ్లే ఇంటి మీదికొస్తారు. ఆ సమయంలో టాప్-అప్, అంటే పాత అప్పు మీద ఇంకో అప్పు, ఇస్తామంటే వద్దనాలి.

హద్దు మీరితే లోన్ కార్డు మీదున్న ఫిర్యాదు నంబరుకు రాతపూర్వకంగా పంపి, నకలు దాచుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు. దారి తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. రోజువారీ ఫైనాన్స్, ప్రోనోటు వ్యాపారులు దీని కిందికి రారు. వాళ్లు బెదిరిస్తే పోలీసు స్టేషనే. లోన్ యాప్ వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

డ్వాక్రా కిస్తీని మాత్రం ఎన్ని ఇబ్బందులున్నా తారీఖు దాటనివ్వం. అన్నిటికన్నా చౌకైన అప్పు అదే. సంఘం రికార్డు బాగుంటేనే వడ్డీ రాయితీ, తర్వాతి పెద్ద లోను. మిగిలిన ప్రోనోటు ఇరవై వేలు ఆ కొత్త లోనులో నా వాటాతోనే తీర్చాం.

ఒక అప్పు మూసేశాక కాగితం పని ఉంటుంది. మైక్రోఫైనాన్స్ దగ్గర నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) తీసుకుని, బ్యాంకుకెళ్లి నాచ్ మాండేట్ రద్దు చేయించాలి. లేకపోతే సిస్టమ్ పొరపాటున ఇంకో కిస్తీ లాగే ప్రమాదం ఉంది. తగ్గించి సెటిల్‌మెంట్ చేస్తామంటే ఆలోచించుకోవాలి, రికార్డులో 'సెటిల్డ్' అని పడితే తర్వాత బ్యాంకు లోను కష్టం. రెండు నెలలాగి, మన అప్పుల రికార్డు ఉంచే క్రిఫ్ హైమార్క్‌లో, సిబిల్‌లో రిపోర్టు తీసి చూడాలి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తుంది. గ్రూపు అప్పులు ఎక్కువగా క్రిఫ్‌లోనే కనిపిస్తాయి. తీరిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే నో డ్యూస్ కాగితం జతచేసి అక్కడే డిస్ప్యూట్ పెట్టాలి.