కావలిలో కూత, షువైఖ్‌లో మీటరు

కువైట్‌లో రాత్రి పదకొండు అయిందంటే కావలిలో ఒంటిగంటన్నర. ఆ వేళప్పుడు ఇంటి నుంచి ఫోన్ వస్తే గల్ఫులో ఉన్న ఎవడికైనా గుండె జారుతుంది. అమ్మకేమైనా అయిందేమోనని వణుకుతూనే ఎత్తాను. మా ఆవిడ మాట వినపడలేదు. వెనకాల ఒకటే కూత, అంబులెన్సుకూ పోలీసు బండికీ మధ్యలో ఉండే రకం.

"మీ కారే అరుస్తా ఉంది. ఈ రాత్రికి ఇది మూడోసారి. వీధంతా లేచి కూర్చున్నారు. ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది గట్టిగా.

మన కారు అనలేదు, మీ కారు అంది. అమ్మ బాగానే ఉందని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత మాత్రం సిగ్గేసింది. నేను 2011 నుంచి షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో కార్ల ఎలక్ట్రీషియన్ని. మా వైపు వింజమూరు, కలిగిరి, ఉదయగిరి నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లల్లో డ్రైవర్లుగా చేస్తుంటే, నాకు పద్దెనిమిది నంబరు వీసా, అంటే కంపెనీల్లో పనికిచ్చేది, దొరికి గ్యారేజీలో హెల్పరుగా చేరాను. పొద్దున లేస్తే ఊళ్లోవాళ్ల కార్ల కూతలు ఆపడమే నా పని. నా ఇంటి ముందు కూస్తుంటే మాత్రం ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

ఆ కారు 2019 సెలవులో కొన్నాను. సెకండ్ హ్యాండే. అమ్మను నెల్లూరు డాక్టరు దగ్గరికి బస్సులో తిప్పలేక కొన్నానని అందరికీ చెప్పాను. అది నిజమే. గల్ఫుకు పోయి ఎనిమిదేళ్లయినా ఇంటి ముందు ఏమీ లేదని ఎవరూ అనుకోకూడదని కొన్నదీ నిజమే. కొన్న వారంలోనే సెంటర్ లాకు, సైరనుతో అలారం పెట్టించాను. దొంగల భయం కన్నా, 'టిక్ టిక్' మని రిమోట్ నొక్కే సరదా ఎక్కువ.

ఆ రాత్రి మా బావ, అంటే చెల్లెలి భర్త, నిద్ర కళ్లతో వచ్చాడు. "బానెట్ తీసి బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదియ్యి బావా, ఆగిపోతుంది" అన్నాను. తీశాడు. కూత ఇంకా పెరిగింది!

అది నా తప్పే. ఆ సైరన్ లోపల సొంతంగా చిన్న బ్యాటరీ ఉంటుంది. దొంగ వైర్లు కత్తిరించినా అరవాలని పెట్టిన ఏర్పాటు. కారు బ్యాటరీ తీసేస్తే దొంగే తీశాడనుకుంటుంది. దాన్ని ఆపాలంటే సైరన్‌కు పక్కన చిన్న తాళం ఉంటుంది, గుండ్రటి చెవితో తిప్పాలి. ఆ చెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. బీరువా వెతికారు, దేవుడి గూడు వెతికారు. చివరికి బావ సైరన్ బోల్టులు విప్పి, వైర్లు కోసి, బొంతలో చుట్టి, వెనకగదిలో వడ్ల బస్తాల మధ్య కుక్కాడు. తెల్లవారుజాము దాకా బస్తాల్లోంచి పిల్లికూన మూలిగినట్టు మూలుగుతానే ఉందట. ఎదురింటి మేష్టారు పొద్దున్నే వచ్చి, "ఏందమ్మా, చచ్చిందా అది?" అని అడిగి వెళ్లారట.

మెకానిక్ వచ్చి బ్యాటరీ డౌన్ అన్నాడు. కొత్తది వెయ్యాలన్నాడు. ఇక్కడే నాకు మండింది. ఆగస్టులోనే 4,500 పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. మూడు నెలలకే ఎట్టా పోతుంది?

మా గ్యారేజీలో పెద్దాయన మలయాళీ. ఆయన్ని ఉస్తాద్ అంటాం. చేరిన కొత్తలో ఎవడైనా కారు తెచ్చి 'బ్యాటరీ ఖర్బాన్', అంటే పాడైపోయింది, అనగానే నేను బ్యాటరీ విప్పడానికి పరిగెత్తేవాణ్ని. ఆయన చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "పహలే మీటర్, బాద్ మే బాత్." ముందు మీటరు పెట్టు, మాటలు తర్వాత. కస్టమరు చెప్పేది రోగం కాదు, నొప్పి మాత్రమేనని ఆయన లెక్క.

బ్యాటరీ చావుల గురించి కువైట్ నేర్పినంత ఇంకెవరూ నేర్పలేరేమో. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో లెక్క. ఎండలో నిలబెట్టిన కారు బానెట్ కింద ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. చలికి బ్యాటరీ పోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి దాన్ని తినేది ఎండ. లోపలి నీళ్లు ఆవిరైపోతాయి, పలకలు తుప్పు పడతాయి. వేసవిలో సగం చచ్చిన బ్యాటరీ, డిసెంబరు చలిలో సెల్ఫ్ అందుకోలేక బయటపడుతుంది. మా దగ్గర రెండు వేసవులు దాటిన బ్యాటరీని చూస్తే ముసలాయన్ని చూసినట్టు చూస్తాం.

ఇంకో రకం ఉంది. వేసవి సెలవులకు కువైటీలు కుటుంబాలతో బయటి దేశాలకు పోతారు. కార్లు రెండు నెలలు బేస్‌మెంట్లలో కదలకుండా పడుంటాయి. స్కూళ్లు తెరిచే రోజులకు తిరిగొచ్చి తాళం తిప్పితే 'టక్' మన్న శబ్దం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ వారం మా గ్యారేజీకి సంక్రాంతి. ఎండ తగలకపోయినా, ఎవరూ ముట్టుకోకపోయినా చచ్చిన బ్యాటరీలవి.

అందుకే బావకు గట్టిగా చెప్పాను, కొత్తది కొనొద్దని. శుక్రవారం నాకు సెలవు. కావలిలో సాయంత్రం ఆరు, నాకు మూడున్నర. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. పోయినసారి నేను తెచ్చి ఇంట్లో పడేసిన మీటరు వెతికి పట్టుకున్నాడు. వాళ్లమ్మ టార్చి పట్టుకుంది. ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్.

"నాన్నా, 11.8 వోల్టులు చూపిస్తోంది."

"అయితే పూర్తిగా ఖాళీ. నిండుగా ఉంటే 12.6 ఉండాలి. 12.2కు దిగిందంటే సగమే మిగిలినట్టు. పన్నెండు కిందికి పోతే ఇక దాంట్లో ఏమీ లేదు."

టర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా ఉప్పులాగా పేరుకుంది. వేడి నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో కడగమన్నాను. ముందు నెగటివ్ తియ్యాలి, పెట్టేటప్పుడు అది ఆఖర్న పెట్టాలి. లేకపోతే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. ఇది వాడికి మూడుసార్లు చెప్పాను. మూడోసారి విసుక్కున్నాడు. పర్వాలేదు.

బ్యాటరీని షాపులో రాత్రంతా చార్జింగ్ పెట్టించి తెచ్చారు. మర్నాడు 12.6. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.3 కన్నా దిగలేదు. తొమ్మిదిన్నర కిందికి పడితే అనుమానించాలి. ఇంజన్ నడుస్తుంటే 14.2, అంటే డైనమో కూడా బాగానే ఉంది. బ్యాటరీ నిర్దోషి. మరి లోపల ఉన్నది ఎవరు తింటున్నారు?

నెగటివ్ వైరు ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టి, ఆంపియర్ల వైపు తిప్పమన్నాను. తలుపులన్నీ వేసి ఇరవై నిమిషాలు ఆగాలి. కారు ఆపినా లోపలి ఎలక్ట్రానిక్ డబ్బాలు వెంటనే పడుకోవు, పిల్లల్లాగే కాసేపు అటూ ఇటూ దొర్లుతాయి. అప్పుడు మావాడు ఒక మాట అడిగాడు.

"బానెట్ తెరిచే ఉంది కదా నాన్నా, దొంగ తెరిచాడని అలారం అనుకోదా?"

చెప్పకేం, పొంగిపోయాను. "అంచున రబ్బరు తొడుగుతో చిన్న స్విచ్చు మొట్ట ఉంటుంది చూడు, దాన్ని వేలితో నొక్కి పట్టుకో. బానెట్ మూసిందనుకుంటుంది."

ఇరవై నిమిషాలకు 0.03 ఆంపియర్లు. 0.05 దాకా మామూలే. దొంగ దొరకలేదని నీరసపడ్డాను. వాడు వేలు సర్దుకుందామని కొంచెం కదిలించాడంతే. ఇండికేటర్లు నాలుగూ వెలగడం, ఆరడం మొదలయ్యాయి. వెలిగినప్పుడల్లా మీటరు ఏడూ, ఎనిమిదీ మధ్యకు ఎగిరి పడుతోంది. సైరన్ లేదు కాబట్టి కూత లేదు, కళ్లార్పడం మాత్రమే.

"ఇది సగంలో ఇరుక్కుంటోంది నాన్నా. లోపల తుప్పు. నీళ్లు కూడా ఉన్నాయి."

నవంబరు. మా నెల్లూరు జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే, ఆ నెలలో ముసురు పట్టిందంటే వదలదు. దానికి తోడు తుమ్మలపెంట సముద్రం మాకు ఎంతో దూరం లేదు, ఆ ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. మొట్టలోకి నీళ్లు దిగి, ఎర్త్ తగిలి, ఎవడో బానెట్ తెరిచాడని అలారం ఉలిక్కిపడి లేస్తోంది. కాసేపు కూసి ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. గంటసేపు ఇట్లా ఇండికేటర్లు వెలిగి ఆరితే చాలు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో, అంటే ఒక ఆంపియరు చొప్పున 35 గంటలు ఇవ్వగలిగేదాంట్లో, పదో వంతు హరీ. బ్యాటరీ బాగా పడిపోయాక, కరెంటు ఎవడో కోశాడని సైరన్ తన సొంత బ్యాటరీతో అరుస్తోంది. అలారం వల్ల బ్యాటరీ పోతోంది, బ్యాటరీ పోవడం వల్ల అలారం అరుస్తోంది. చెట్టు ముందా, విత్తు ముందా!

ఆ మొట్ట వైరు పీకి టేపు చుట్టమన్నాను. మా కారులో అది ఎర్త్ తగిలితేనే లేచే రకం, పీకేస్తే బానెట్ మూసి ఉన్నట్టే లెక్క. కొత్త మొట్టకు బ్యాటరీ ఖరీదులో పదో వంతు కూడా కాదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మా ఆవిడే వదల్లేదు. "మరి ఆగస్టులో పాత బ్యాటరీ ఎందుకు పోయింది? అప్పుడు వానల్లేవు కదా?"

లెక్క వేసి చెప్పాల్సి వచ్చింది. ఏ రోగమూ లేకపోయినా 0.03 ఆంపియర్లు రోజంతా పోతూనే ఉంటాయి. ఇరవై నాలుగు గంటలకు 0.72 ఆంపియర్ అవర్లు. నెలకు 21.6. ముప్పై అయిదులో సగానికి పైగా, కారు కదలకుండానే. అమ్మకు నెల్లూరు వెళ్లే పని నెలకోసారి. మధ్యలో బావకు తీరికైన ఆదివారమే ఆదివారం. వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలకు ఆపేస్తే బ్యాటరీ నిండదు, అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి, బిట్రగుంట దాకా పోయిరమ్మనండి అన్నాను.

"నడిపే మనిషి అక్కడ, కారు ఇక్కడ. ఎవరు తిప్పుతారు?" అంది.

దానికి నా దగ్గర ఏ మీటరూ లేదు. నెట్ సరిగ్గా రావట్లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

బావ ఇప్పుడు ఆదివారం పొద్దున్నే బిట్రగుంట పోయి, టిఫిన్ చేసి వస్తున్నాడు. పెట్రోలు డబ్బులు నేనే పంపిస్తున్నాను. టిఫిన్ డబ్బులు కూడా అందులోనే ఉన్నాయని నా అనుమానం. కారు మళ్లీ మొరాయించలేదు. సైరన్ ఇంకా ఆ వెనకగదిలోనే ఉంది, బొంతతో సహా.

మొన్న సెలవుకు బయల్దేరేముందు షువైఖ్ రూములో నా పెట్టె ఖాళీ చేసి దులుపుతుంటే, అడుగున బిస్కెట్ డబ్బాలో పాత సిమ్ములు, గడువు తీరిన సివిల్ ఐడీ కార్డుల కింద ఒక చిన్న గుండ్రటి తాళంచెవి దొరికింది. పోగొడతారేమోనని 2019లో నేనే జాగ్రత్తగా తెచ్చుకున్నాను.