ఐదో తరగతి దాకే అన్నం

1998లో నేను ఒకటో తరగతిలో చేరాను. అంతకుముందు ఏడే లద్దె పురుగు మా జిల్లా పత్తిని ఊడ్చుకుపోయింది. మందులకు, విత్తనాలకు చేసిన అప్పు మిగిలింది. వరంగల్ పత్తి రైతుల చావులు రోజూ పేపర్లో వస్తున్న కాలం. పరకాల దిక్కు మా ఊళ్లో బాకీ లేని ఇల్లు లేదు. అమ్మా బాపూ కైకిలికి, అంటే కూలికి, పోయేవారు.

అప్పటికి బడిలో వంట లేదు. 1995లో కేంద్రం తెచ్చిన పథకం కింద, హాజరు 80 శాతం ఉంటే నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవారు. అందుకే జ్వరమొచ్చినా అమ్మ బడికి తోలేది. "పేరు పిలిస్తే పలికి రా బిడ్డా, తర్వాత పండుకుందువు" అనేది. ఆమెకు చదువంటే ఎంత ప్రేమో అని సార్లు మెచ్చుకునేవారు! ఆ బియ్యం మాత్రం నా ఒక్కడివి కావు, ఇంటిల్లిపాదీ తిన్నాం.

వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. వానల్లేని ఏడాది అది. వేపచెట్టు కింద మూడు రాళ్లు, కట్టెలు, పెద్ద గంజు. దొడ్డు బియ్యం, నీళ్ల చారు. అయినా గంట కొట్టకముందే తలెలు (కంచాలు) మోగేవి. కొందరు పిల్లలు మాత్రం ఇంటికి పోయి తినొచ్చేవాళ్లు. వండింది ఎవరన్నదే వాళ్ల పెద్దల బాధ అని తర్వాత అర్థమైంది.

జూన్‌లో ఆరో తరగతికి వచ్చాం. అన్నం ఐదు దాకే. అదే ఆవరణలో తమ్ముళ్లు, చెల్లెళ్లు తింటుంటే మేం బోరింగు దగ్గర నిలబడేవాళ్లం. ఆరో తరగతి పిల్లాడికి ఆకలి తగ్గుతుందని ఏ ఆఫీసరు లెక్కగట్టాడో! వంటక్క మాత్రం అడుగంటిన అన్నం గీకి మాకే పెట్టేది. ఆమెకేమో బిల్లు నెలల తరబడి రాదు, పప్పు కిరాణా కొట్లో ఉద్దెర. హైస్కూలుకూ భోజనం వచ్చేసరికి 2008, మేం పదో తరగతి రాసి వెళ్లిపోయాం.

2015 నుంచి సన్నబియ్యం పెడుతున్నారు, సంతోషమే. వంట మాత్రం ఇంకా రేకుల కిందే. మన బడిలో చదివిన పాత బ్యాచ్‌లవాళ్లు చందాలేసి బడి గేటుకు కమాను కట్టిద్దామంటున్నారు. నా ఓటు వంట షెడ్డుకు.