నిలువెత్తు బంగారంతో మేడారం: ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ డిక్కీ సర్దుకున్న తీరు

హన్మకొండ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు. మహాజాతర రద్దీకి ముందే మొక్కు చెల్లించుకుందామని నలుగురం అయిదు సీట్ల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలో బయలుదేరాం. మొక్కు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, మా లెక్కలో 64 కిలోలు. దానితో పాటు ఒడిబియ్యం, కొబ్బరికాయలు, వంట గంజులు, ఇండక్షన్ పొయ్యి, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, పరుపు చుట్టలు, 5 అడుగుల గొట్టాలున్న చిన్న డేరా, గంపలో రెండు కోళ్లు.

బండి కొనేటప్పుడు అందరూ చూసేది డిక్కీ లీటర్లే. నెక్సాన్ ఈవీకి 350, క్రెటా ఎలక్ట్రిక్‌కి 433, కర్వ్ ఈవీకి 500 అని కంపెనీలు చెప్తాయి. ఇలాంటి లెక్కకు వాడే పద్ధతి ఒకటుంది: 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మలు, అంటే ఒక్కోటి ఒక్కో లీటరు, డిక్కీలో పేర్చి ఎన్ని పట్టాయో లెక్కపెడతారు. అంత చిన్న దిమ్మ ప్రతి మూలలోకీ దూరుతుంది. గంజు దూరదు, డేరా గొట్టం అసలే దూరదు. బెల్లం సంగతి ఇంకో రకం. 64 కిలోలు పెట్టినా డిక్కీలో అయిదో వంతు కూడా నిండదు, కానీ వెనక టైర్ల మీద మాత్రం ఒక మనిషి కూర్చున్నంత బరువు. అందుకే ఈ ప్రయాణానికి మేం లీటర్లు పక్కన పెట్టి కిలోలు లెక్కేసుకున్నాం.

మనుషులు, సామానుతో కలిపి బండి మొత్తం బరువు ఎంత దాకా ఉండొచ్చో చాలా బండ్లలో డోరు పక్క స్తంభం మీద పట్టీపై ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది తెలుస్తుంది. మా బండికి అది 425 కిలోలు. నలుగురి బరువు 268, సామాను 160, మొత్తం 428. మూడు కిలోలే కదా అని వదిలేయలేదు. ఒక నీళ్ల క్యాన్ ఇంట్లోనే దించేశాం, దారిలో పస్రా ఊళ్లో కొనుక్కోవచ్చని. టైర్లలో గాలి కూడా నిండు బరువుకు ఎంత ఉండాలో డోరు స్టిక్కర్ మీద చూసి, తెల్లవారుజామున టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించాం.

నలుగురే కాబట్టి వెనక సీటులో చిన్న భాగం, అంటే 60:40లో 40, మడిచి గొట్టాలకు దారి చేశాం. మడవడం నిమిషం పనే, కానీ వరస తప్పితే ఇరుక్కుంటుంది. ముందు సీటు కాస్త ముందుకు జరపాలి, హెడ్‌రెస్ట్ పూర్తిగా కిందికి నొక్కాలి. ఆ తర్వాత బెల్టును పక్కనున్న క్లిప్పులో తగిలించాలి. చాలామంది మరిచేది ఇదే. అప్పుడు సీటు భుజం మీది లివర్ లాగి వాల్చాలి. హెడ్‌రెస్ట్ పైకే ఉంటే అది ముందు సీటుకు తగిలి సీటు సగంలోనే ఆగుతుంది. బలంగా నొక్కితే లాక్ పాడవుతుంది.

మడిచాక కనిపించేది మెట్టు. వాలిన సీటు వీపు డిక్కీ నేల కంటే జానెడు ఎత్తులో, కొంచెం ఏటవాలుగా ఉంటుంది. కొన్ని బండ్లలో డిక్కీ నేల పలకను పై గాడిలోకి ఎక్కించి ఆ తేడా పూడ్చొచ్చు. మా బండికి ఆ సౌకర్యం లేదు. పరుపు చుట్టలు మెట్టు కింద వేసి నేల సమం చేసి, వాటిపై గొట్టాలు పడుకోబెట్టాం. మెత్తగా ఉండడంతో దారంతా గొట్టాల చప్పుడూ రాలేదు.

బెల్లం ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. మడిచిన సీటు మీద చోటు ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెట్టకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే ముందు సీటు దాకా అడ్డం ఏమీ లేదు. నిలిచి ఉన్న 60 భాగం వెనక, నేల మీద, సీటు వీపుకు ఆనించి పెట్టాం. అక్కడైతే బరువు వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది, బండి తోక కిందికి దిగదు. డిక్కీ తలుపు దగ్గర పెడితే స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం ఊగుతుంది. బెల్లాన్ని ఒకే బస్తాగా కాకుండా 16 కిలోల చొప్పున నాలుగు సంచులు కట్టించాం. డిక్కీ గడప మోకాలి కంటే బాగా ఎత్తు, లోపల నేల మళ్లీ పల్లం. పెద్ద బస్తాను ఆ గడప దాటించి వంగి పైకి తీయడమంటే నడుము పట్టేయడమే. పార్కింగ్ నుంచి గద్దెల దాకా మోయాల్సిందీ మనమే. ఒక్కో సంచిని ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో, తర్వాత గోనెలో పెట్టాం. బెల్లం గాలిలో తేమ పీల్చి చెమర్చుతుంది. ఆ పాకం కార్పెట్‌లోకి దిగితే చీమలు నెలల తరబడి వదలవు. కింద టార్పాలిన్, పైన డిక్కీ కొక్కేలకు అడ్డంగా బిగించిన పట్టీ.

ఛార్జింగ్ కేబుల్ సంచి డిక్కీ నేల కింద గుంతలో చక్కగా పడుతుంది. ఇలాంటి ప్రయాణంలో అక్కడ పెట్టడం తప్పు. కేబుల్ కావాలంటే ముందు బెల్లమంతా దించాలి. పంక్చర్ కిట్ కానీ స్టెప్నీ కానీ నేల కిందే ఉన్న బండ్లకూ ఇదే తిప్పలు. కేబుల్, గాలి పంపు, పంక్చర్ కిట్ ఈ మూడూ సహ ప్రయాణికుడి సీటు వెనక, కాళ్ల దగ్గరికి మార్చాం.

బానెట్ కింది ముందు డిక్కీ మా బండిలో చిన్నదే. ఎక్స్‌ఈవీ 9ఈ లాంటి కొన్నిటిలో అది 150 లీటర్ల దాకా ఉంటుంది. మా దాంట్లో చెప్పులు, తువ్వాళ్లు పట్టాయి.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి వెళ్లడం ఆనవాయితీ. కొబ్బరికాయ ముందు అక్కడే కావాలి కాబట్టి కాయల సంచి అన్నిటికంటే పైన, తలుపు వైపు పెట్టాం. కోళ్ల గంప మడిచిన సీటు పక్కన కింద, ఏసీ గాలి తగిలేలా ఉంచాం. డిక్కీ మీది మూత పలక ఇంట్లోనే వదిలేశాం. అది ఉంటే వెనక్కి గాలి పోదు, దాన్ని తీస్తే పెట్టుకునే చోటూ ఉండదు. ఆగిన ప్రతిచోటా ఏసీ నడుస్తూనే ఉంచాం.

పస్రా దాటాక దారి అడవిలోకి మళ్లుతుంది. వేగం దానంతటదే తగ్గుతుంది, కరెంటు వాడకమూ తగ్గుతుంది. 45 యూనిట్ల బ్యాటరీని ఇంట్లో 100 శాతం నింపి బయలుదేరితే, 70–80 వేగంతో మేడారం చేరేసరికి 66 శాతం మిగిలింది. ఇలాంటి సమతలమైన రోడ్డు మీద సామాను బరువు వల్ల అదనంగా పోయేది కొంచెమే. గాలిని చీల్చడానికే ఎక్కువ ఖర్చవుతుంది. సామాను టాప్ మీదికెక్కిస్తే ఆ ఖర్చు ఇంకా పెరిగేది. చోటు చాలకపోతే టాప్ క్యారియర్ కంటే లోపల సీటు మడవడమే మేలు.

జంపన్న వాగులో స్నానం చేసి, గద్దెల దగ్గర సమ్మక్క సారలమ్మలకు బంగారం సమర్పించి వచ్చాక వంట. తాడ్వాయి అడవి ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలోది. ఎండుటాకుల మధ్య కట్టెల పొయ్యి పెట్టే ఆలోచనే చేయలేదు. గ్యాస్ సిలిండర్‌ను మూసిన బండిలో తేవడం ఇంకా ప్రమాదం. బండి బ్యాటరీ కరెంటును బయటి పరికరాలకు ఇచ్చే అడాప్టర్‌ను ఛార్జింగ్ పోర్టులో పెట్టి, బ్యాటరీ 40 శాతానికి దిగితే కరెంటు ఆగిపోయేలా సెట్ చేసి, ఇండక్షన్ పొయ్యి నడిపాం. ఇక్కడ రెండు పొరపాట్లు జరగొచ్చు. ఒకటి, అల్యూమినియం గంజు ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగు సమంగా ఉండి అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె కావాలి. కొనేముందు ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూస్తే చాలు. రెండోది, ఇంట్లో ఫోన్లకు వాడే 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. 1800 వాట్ల పొయ్యికి దాదాపు 8 ఆంపియర్లు కావాలి, ఆ బోర్డు కాలిపోవచ్చు. 16 ఆంపియర్ల బోర్డు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడాం, వైరు చుట్టను పూర్తిగా విప్పేశాం. చుట్టగానే ఉంచితే వేడి బయటికి పోదు. నలుగురికి అన్నం, కోడికూర అయ్యేసరికి బ్యాటరీలో 6 శాతం ఖర్చయింది.

తడిబట్టలు ప్లాస్టిక్ టబ్బులో వేసి బెల్లం పెట్టిన చోటే పెట్టాం. వాటిని ముందు డిక్కీలో వేయాలంటే అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉండాలి. మా దానికి లేదు. ఇంటికి చేరేసరికి 26 శాతం మిగిలింది.

గొట్టాలు దించాక మడిచిన సీటు లేపితే లాక్ పడలేదు. లివర్ పక్కన ఎర్ర గుర్తు అలాగే కనిపిస్తోంది. ఎర్రగా కనిపిస్తే సీటు నిలబడినట్టే ఉన్నా బిగుసుకోలేదని అర్థం. బెల్టు వెనక నలిగిందేమో చూశాం, క్లిప్పులోనే ఉంది. కారణం లాక్ గుంతలో కనిపించింది: గోనె కుట్టు నుంచి రాలిన బెల్లం పొడి, చెమర్చి జిగటగా. వేడి నీళ్లలో ముంచి పిండిన బట్టతో రెండుసార్లు, తర్వాత పొడి బట్టతో తుడిచాక టక్కుమని పడింది.