బెంగుళూరా కాయలూ, అగస్టీన్ బేరికాయలూ

మొన్న ఆదివారం చిత్తూర్లో చర్చి నుంచి వస్తా దోవలో మామిడి తోపు చూసి చిన్నప్పటి దొంగతనం గుర్తొచ్చింది. ఇంట్లో గంపెడు కాయలున్నా నలుగురం కంచె దూరి పక్క తోపులో బెంగుళూరా కాయలు కోసి, ఒక కొరుకు కొరికి కాలవలో పారేసినాం, సొన కారి మూతి పొక్కింది, అవ్వ చూసి "ఆకలేసి కోసినావంటే సరే, ఊరికే ఎందుకురా" అనింది.

ఆ ‘ఊరికే’ క్రీ.శ. 354లో పుట్టిన క్రైస్తవ గురువు అగస్టీన్‌ని కూడా వదల్లేదు. 16 ఏళ్లప్పుడు గ్యాంగ్‌తో బేరికాయలు దొంగిలించి పందులకేసినాడు, తన కథ తానే రాసుకున్న ‘కన్ఫెషన్స్’ పుస్తకంలో దాని గురించే తవ్వి తవ్వి రాసినాడు. కాయల మీద ఆశ కాదు, తప్పు చేయడమే రుచి, ఒక్కడినే అయితే చేసేవాణ్ణి కాదు అంటాడు (మేమూ అంతే). ఆ పుస్తకం రాయకముందు దాదాపు 9 ఏళ్లు, మానీ అనే ఆయన పెట్టిన మతంలో ఉండి చెడు అంటే వెలుగుతో కొట్లాడే ఇంకో శక్తి అనుకున్నోడు, తర్వాత చెడుకి సొంత ఉనికే లేదు, మంచి తరిగిపోవడమే చెడు అన్నాడు, అంటే గుడ్డకు చిరుగు లాగ, గుడ్డే లేకపోతే చిరుగెక్కడిది.

నాకైతే సగమే ఎక్కింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఆ మాట అనడానికి నోరు రాదు.

తోపాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు చర్చిలో నా వెనక బెంచీలోనే కూర్చుంటాడు, ఇంకా చెప్పలేదు.