సెలూన్‌లో బీపీ మిషన్

గుంటూరు కొత్తపేటలో మా మందుల షాపుకొచ్చే మగవాళ్ళకి గుండె ఉండదు, గ్యాస్ మాత్రమే ఉంటుంది. ఛాతీ పట్టేసినా గ్యాసే, ఎడమ చెయ్యి లాగినా గ్యాసే. "ఈసీజీ తీయించుకో బాబాయ్, ఎదురుగుండా ఆసుపత్రే" అంటే "నాకేందమ్మాయ్, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసిన ఒళ్ళు ఇది" అని గ్యాస్ బిళ్ళ పట్టుకుని వెళ్ళిపోతారు. అదే మనిషి, భార్యకి తల తిరిగిందంటే స్కానింగ్ దాకా తిప్పుతాడు.

నేను ఫార్మసిస్టుని. అందుకే 2018లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం నాకు అంత నచ్చింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నల్లజాతి మగవాళ్ళు వెళ్ళే 52 బార్బర్ షాపులు, బీపీ ఎక్కువున్న 319 మంది. కొన్ని షాపులకి ఫార్మసిస్టులే వచ్చి, డాక్టర్లతో ముందే చేసుకున్న ఒప్పందం మీద, అక్కడికక్కడే మందులు రాసిచ్చారు. మిగతా షాపుల్లో బార్బర్లు "డాక్టర్ని కలవండి, తిండి మార్చుకోండి" అని చెప్పి ఊరుకున్నారు. ఆరు నెలలకి వీళ్ళలో పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గితే, ఫార్మసిస్టులొచ్చిన చోట 27 తగ్గింది.

అక్కడి నల్లజాతి మగవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు వెళ్ళరు? మొండితనం అనేస్తే అన్యాయం. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖరోగం ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళని ప్రభుత్వ ఆరోగ్య విభాగమే వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ కథ విని పెరిగినవాడు తెల్లకోటు ముందు నొప్పి అని నోరెందుకు విప్పుతాడు? నెరిసిన తలని కూడా "పిల్లాడా" అని పిలిచిన దేశం అది. 1968లో మెంఫిస్ నగరంలో నల్లజాతి పారిశుధ్య కార్మికులు "నేను మగవాణ్ణి" అన్న అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు. మగవాణ్ణని అట్ట మీద రాసి చూపించాల్సి వచ్చిన చోట కన్నీళ్ళు చాలా ఖరీదు.

మనకా బాధ లేదుగా అని రాయబోయి ఆగాను. మిర్చి యార్డులో మా నాన్నని ఆయన కొడుకు వయసువాడు "ఒరేయ్" అనడం నేను చెవులారా విన్నాను. నాన్న తల కూడా తిప్పలేదు, టిక్కీ సర్దుకుని నడిచాడు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అమ్మ పోయినప్పుడూ అంతే, కంట నీరు లేదు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని నాయనమ్మ సామెత చెప్పేది. నమ్మకస్తుడిగా ఉండటానికి ఆయన బాగానే తంటాలు పడ్డాడు.

తర్వాత ఒకరోజు సెలూన్ బాబాయ్ మందులకొచ్చి, "మీ నాన్న సరిగ్గా నిద్రపోవట్లేదమ్మా. మీ అమ్మ పడుకునే వైపు తిరగలేకపోతున్నా అంటాడు" అన్నాడు. ఒకే ఇంట్లో ఉంటున్న నాకు తెలీదు! ముందు నాకొచ్చింది కోపమే. కన్నకూతుర్ని నేనుండగా గడ్డం గీసే మనిషికి చెప్పుకుంటాడా?

ఇప్పుడు అంత కోపం లేదు. అక్కడ ఎదుటి మొహంలోకి చూడక్కర్లేదు, అద్దానికి చెప్పొచ్చు. సగం మొహం నురగలో ఉంటుంది. మెడ కింద కత్తి పెట్టించుకున్నవాడు ఇంకా దేనికి బింకంగా ఉంటాడు? నేనైతే "ఏమైంది నాన్నా" అని సూటిగా కళ్ళలోకి చూసి అడుగుతాను. కూతురు అలా అడిగితే తండ్రి దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు, "ఏం లేదమ్మా".

ఈమధ్య ఒక బీపీ మిషన్ తీసుకెళ్ళి ఆ సెలూన్‌లో పెట్టాను. లాస్ ఏంజెలెస్‌లోలాగా నేనిక్కడ మందు రాయడానికి లేదు. అంకె ఎక్కువొస్తే డాక్టర్ దగ్గరికి తోలమని బాబాయ్‌కి చెప్పానంతే. ఆదివారం కిటకిటలాడే షాపులో సగం మంది చెయ్యి చాపరు, మిగతా సగం పందెం కాసినట్టు అంకెలు పోల్చుకుంటారు. నాన్న నేను లేనప్పుడు చూపించుకున్నాడట. 170 మీద 100.

మంగళవారం సెలూన్‌కి సెలవు కదా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తారట. తోడు రమ్మంది నన్ను కాదు, బాబాయ్‌ని.